పాత డొమైన్ కొన్నాక సెర్చ్‌లో తేడాగా కనిపిస్తోందా? ఈ వరుసలో చెక్ చేసుకోండి

మంచి పేరు దొరికింది కదా అని ఎప్పటిదో పాత డొమైన్ ఒకటి కొన్నారు, సైట్ పెట్టారు, కొన్ని వారాలు గడిచాయి. గూగుల్‌లో వెతికితే ఒక్క పేజీ కూడా రావడం లేదు. లేదంటే వస్తోంది గానీ, మీ తోటపని సైట్ లింకు పైన ఎప్పుడో మూతపడిన లోన్ల కంపెనీ పేరు ఉంది. ఇంకొందరికైతే తాము ఎన్నడూ రాయని జపనీస్ అక్షరాల పేజీలు వందలకొద్దీ తమ అడ్రస్ మీద కనిపిస్తాయి. చాలామంది ఇక్కడే కంగారుపడిపోయి థీమ్ మార్చడం, ప్లగిన్లు ఎక్కించడం, లింకులు కొనడం మొదలుపెడతారు. అవేవీ ఇప్పుడు వద్దు.

డొమైన్ రిజిస్ట్రేషన్ మీ పేరు మీదికి మారింది గానీ, సెర్చ్ ఇంజిన్ల దగ్గర దానికున్న రికార్డు మారలేదు. పాత ఓనర్ పెట్టిన రిక్వెస్టులు, అతనికి పడిన పెనాల్టీలు, అతని పేజీలకు ఎవరెవరో ఇచ్చిన లింకులు, అన్నీ డొమైన్‌తోపాటే మీ దగ్గరికి వచ్చాయి. ముందు ఆ రికార్డు చదవాలి, సైట్ మీద చెయ్యి వేయడం ఆ తర్వాతే.

ముందు ఏం కనిపిస్తోందో సరిగ్గా చూడండి

ఇన్‌కాగ్నిటో విండో తెరిచి, గూగుల్‌లో ఇంగ్లిషులో సైట్ అని టైప్ చేసి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా మీ డొమైన్ పేరు కొట్టండి. ఇండెక్స్‌లో (గూగుల్ తన దగ్గర చేర్చుకున్న పేజీల జాబితాలో) ఉన్న ప్రతి పేజీనీ ఇది చూపించదు, ఏదైనా అంకె చూపిస్తే అదీ ఉజ్జాయింపే, కాబట్టి లెక్క కోసం దీన్ని నమ్మకండి. మనకు కావాల్సింది ఒక అంచనా. అసలేమీ రాకపోతే ఒక దారి, పాతవాళ్ల పేజీలు వస్తే ఇంకో దారి, మీ పేజీలే వచ్చి పేరో ఐకానో మాత్రమే తప్పుగా ఉంటే అన్నిటికంటే తేలిక దారి. రెండు మూడు పేజీలు ముందుకెళ్లి చూడండి, ఎందుకంటే చెత్త తరచుగా వెనకే ఉంటుంది. వచ్చినవాటికి స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి, నెల తర్వాత పోల్చుకోవడానికి పనికొస్తాయి.

ఆ వెంటనే వేబ్యాక్ మెషిన్‌లో డొమైన్ పేరు కొట్టి పాత కాపీలు చూడండి. 1996 నుంచి వెబ్ పేజీలను భద్రపరుస్తున్న ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్లదే ఇది. చివరి కాపీ ఒక్కటి చూసి వదిలేయకండి. పదేళ్ల క్రితం బుద్ధిగా నడిచిన సైట్, మధ్యలో ఎవరి చేతిలోనో పడి రెండేళ్లు జూదం పేజీలతో నిండిపోయి, తర్వాత పార్కింగ్ పేజీగా (సొంత విషయమేమీ లేని ఖాళీ పేజీగా) మారి ఉండొచ్చు, అమ్మేవాళ్లు మీకు చెప్పేది మొదటి భాగమే. ప్రతి ఏడాదికీ ఒకటి రెండు కాపీలు తెరిచి, ఏ ఏడాది ఏం నడిచిందో రాసుకోండి. తర్వాత గూగుల్‌కి రివ్యూ రిక్వెస్ట్ పెట్టాల్సి వస్తే ఈ నోట్సే ఆధారం.

సెర్చ్ కన్సోల్‌లో ఓనర్‌షిప్, అదీ డొమైన్ మొత్తానికి

మీ సైట్ గూగుల్‌కి ఎలా కనిపిస్తోందో ఓనర్‌కి చూపించే టూల్ గూగుల్ సెర్చ్ కన్సోల్. అందులో ప్రాపర్టీ (అంటే మీ సైట్) చేర్చేటప్పుడు డొమైన్, యూఆర్‌ఎల్ ప్రిఫిక్స్ అని రెండు రకాలు అడుగుతుంది. డొమైన్ ప్రాపర్టీనే ఎంచుకోండి. డీఎన్ఎస్‌లో (డొమైన్ పేరు ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పే సెట్టింగుల్లో) ఒక టీఎక్స్‌టీ రికార్డు, అంటే గూగుల్ ఇచ్చే చిన్న టెక్స్ట్ లైను, చేర్చాలి, పది నిమిషాల పని. దీని లాభం ఏంటంటే డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్నదీ లేనిదీ, హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్, సబ్‌డొమైన్లు అన్నీ ఒకేచోట కనిపిస్తాయి. పాత ఓనర్ ఏదో సబ్‌డొమైన్‌లో చేసిన గందరగోళం యూఆర్‌ఎల్ ప్రిఫిక్స్ ప్రాపర్టీ మాత్రమే పెట్టుకున్నవాళ్ల కంటపడదు.

వెరిఫై అయిన వెంటనే సెట్టింగ్స్‌లో యూజర్స్ అండ్ పర్మిషన్స్ తెరవండి. మీకు తెలియని ఓనర్ ఎవరైనా అక్కడ ఉంటే అతని చేతిలో ఇంకా తాళం ఉన్నట్టే. మీ సైట్ డేటా చూడగలడు, మీ పేజీలను సెర్చ్ నుంచి దాచమని రిక్వెస్ట్ కూడా పెట్టగలడు. పేరు తీసేస్తే సరిపోదు, అతను వెరిఫై అయిన ఆధారం కూడా పోవాలి: డీఎన్ఎస్‌లో మిగిలిపోయిన పాత వెరిఫికేషన్ టీఎక్స్‌టీ రికార్డు, పాత ఫైళ్లతో సహా హోస్టింగ్ తీసుకుని ఉంటే అందులోని వెరిఫికేషన్ ఫైలు, హోమ్‌పేజీ హెడ్‌లో ఉన్న మెటా ట్యాగ్. ఇవి పోతే గూగుల్ మళ్లీ చెక్ చేసినప్పుడు అతని యాక్సెస్ పోతుంది.

ఈ నాలుగు చోట్లా చూడకుండా ఇంకేమీ ముట్టుకోకండి

మొదటిది రిమూవల్స్ రిపోర్టు. చాలామంది ఇక్కడికి రానే రారు, సైట్ అసలు కనిపించట్లేదు అనేవాళ్లు మొదట రావాల్సిందేమో ఇక్కడికే. సైట్ మూసేసేటప్పుడు పాత ఓనర్ తన పేజీలు సెర్చ్‌లో కనపడకూడదని మొత్తం డొమైన్‌కి టెంపరరీ రిమూవల్ పెట్టి ఉండొచ్చు. అది సుమారు ఆరు నెలలు అమల్లో ఉంటుంది, మధ్యలో డొమైన్ చేతులు మారినా దానికేమీ పట్టదు. రిపోర్టులో రిక్వెస్టుల వరుస ఉంటుంది. ఒక్క పేజీకి పెట్టినదైతే పూర్తి అడ్రస్ ఉంటుంది, మొత్తానికి పెట్టినదైతే ఆ ప్రిఫిక్స్‌తో మొదలయ్యే అన్ని యూఆర్‌ఎల్స్ అని అర్థమయ్యేలా ఉంటుంది. ఈ రెండో రకం కనిపించి, పక్కన టెంపరరీలీ రిమూవ్డ్ అని ఉంటే మీ సమస్య దొరికినట్టే. ఆ వరుస చివర ఉన్న మెనూలో క్యాన్సిల్ రిక్వెస్ట్ నొక్కండి. పేజీలు క్రాల్ అవుతున్నాయి (అంటే గూగుల్ వచ్చి చదువుతోంది), ఒక్కో అడ్రస్ పరిస్థితి చూపించే యూఆర్‌ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో అంతా పచ్చగానే ఉంది, అయినా సెర్చ్‌లో లేవు అంటే నా అనుమానం ముందు దీని మీదికే వెళ్తుంది.

రెండోది చేంజ్ ఆఫ్ అడ్రస్. పాత ఓనర్ తన సైట్‌ని వేరే డొమైన్‌కి మార్చుకుని, ఆ సంగతి ఈ టూల్ ద్వారా గూగుల్‌కి చెప్పి ఉంటే, 180 రోజుల వరకు సెర్చ్ కన్సోల్‌లో సైట్ తరలుతోంది అన్న నోటీసు కనిపిస్తుంది. సెట్టింగ్స్‌లో చూసి క్యాన్సిల్ చేయండి. పాత 301 రీడైరెక్టులు (ఒక అడ్రస్‌కి వచ్చినవాళ్లను శాశ్వతంగా వేరే అడ్రస్‌కి పంపే ఏర్పాటు) సర్వర్‌లోనో, డీఎన్ఎస్ సర్వీసులో ఫార్వర్డింగ్ రూల్‌గానో మిగిలి ఉంటే వాటినీ తీసేయాలి, లేదంటే క్యాన్సిల్ చేసినా ఫలితం ఉండదు. యూఆర్‌ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో మీ హోమ్‌పేజీకి గూగుల్ ఎంచుకున్న కెనానికల్, అంటే అసలు పేజీగా లెక్కించే అడ్రస్, ఏదో చూడండి. అక్కడ వేరే డొమైన్ పేరు కనిపిస్తే మీ డొమైన్‌ని గూగుల్ ఇంకా పాత ఓనర్ కొత్త సైట్‌కి నకలుగానే చూస్తోందని అర్థం.

మూడోది మాన్యువల్ యాక్షన్స్. గూగుల్ మనుషులు చూసి వేసిన పెనాల్టీ ఇది, ఓనర్ మారాడు కదా అని దానంతటదే పోదు. ప్యూర్ స్పామ్ (సైట్ మొత్తం చెత్తే) అనో, అన్‌నేచురల్ లింక్స్ (ర్యాంక్ కోసం తెప్పించుకున్న లింకులు) అనో రాసి ఉంటుంది. ఉంటే రికన్సిడరేషన్ రిక్వెస్ట్, అంటే మళ్లీ చూడమనే విన్నపం, పెట్టాలి, కానీ ఖాళీ సైట్‌తోనో, త్వరలో వస్తున్నాం అన్న ఒక్క పేజీతోనో పెట్టకండి. చూసేవాళ్లకి అక్కడ చూడ్డానికి ఏదో ఒకటి ఉండాలి. నిజంగా మీరు రాసిన పేజీలు పెట్టి, పాత ఫైళ్లు ఒక్కటి కూడా మిగల్లేదని చూసుకుని, అప్పుడు ఇలా సూటిగా రాయండి (404 అంటే ఆ పేజీ లేదని సర్వర్ ఇచ్చే జవాబు):

"ఈ డొమైన్‌ని ఫలానా తేదీన ఫలానా రిజిస్ట్రార్ ద్వారా కొన్నాను. అంతకుముందు దీన్ని నడిపినవాళ్లతో నాకు ఏ సంబంధమూ లేదు. ఆర్కైవ్ కాపీల ప్రకారం ఫలానా ఏడాది నుంచి ఫలానా ఏడాది వరకు ఇందులో స్పామ్ పేజీలు ఉన్నాయి. అవన్నీ తీసేశాను, ఇప్పుడు వాటి అడ్రస్‌లు 404 ఇస్తున్నాయి, ఉదాహరణకు ఈ మూడు చూడండి. ఇప్పుడున్న కంటెంట్ అంతా నేను రాసింది, హోస్టింగ్ కూడా కొత్తది."

ఇంతే చాలు. బతిమాలడం, ఎంత నష్టపోతున్నారో వివరించడం వల్ల ఉపయోగం లేదు. కొన్న రసీదు ఉంటే ప్రస్తావించండి. రివ్యూకి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలు పడుతుంది, జవాబు రాకముందే మళ్లీ మళ్లీ పంపకండి.

నాలుగోది సెక్యూరిటీ ఇష్యూస్. హ్యాకింగ్, మాల్‌వేర్, ఫిషింగ్ లాంటివి ఇక్కడ కనిపిస్తాయి. ప్రమాదకర సైట్ల కోసం గూగుల్ పెట్టుకున్న సేఫ్ బ్రౌజింగ్ లిస్టులో డొమైన్ ఉంటే సెర్చ్ సంగతి తర్వాత, బ్రౌజరే ఎర్ర తెర చూపించి జనాన్ని వెనక్కి పంపేస్తుంది. పాత ఫైళ్లు, పాత డేటాబేస్ ఏవీ తెచ్చుకోకుండా కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకుని, ఇక్కడి నుంచే రివ్యూ అడగండి.

గూగుల్ మీ సైట్ లోపలికి రాగలుగుతోందా?

పై నాలుగూ ఖాళీగా ఉంటే సంతోషం, సమస్య మీ చేతిలోనే ఉందన్నమాట. యూఆర్‌ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో హోమ్‌పేజీ అడ్రస్ పెట్టి లైవ్ టెస్ట్ నడపండి. వర్డ్‌ప్రెస్ అయితే సెట్టింగ్స్‌లో రీడింగ్ పేజీకి వెళ్లి, సెర్చ్ ఇంజిన్లను నిరుత్సాహపరిచే ఆ చెక్‌బాక్సుకి టిక్ ఉందేమో చూడండి. సైట్ కడుతున్నప్పుడు పెట్టి మర్చిపోయే టిక్కుల్లో ఇది మొదటిది.

సైట్‌లో ఏవి చూడొచ్చో ఏవి చూడకూడదో సెర్చ్ ఇంజిన్లకు చెప్పే రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ ఫైలు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఈ ఫైలు లేకపోతే, అంటే 404 వస్తే, ఇబ్బందేమీ లేదు, అంతా చూడొచ్చనే గూగుల్ అనుకుంటుంది. కానీ ఆ ఫైలు అడిగినప్పుడు సర్వర్ 500 రకం ఎర్రర్ ఇస్తే మాత్రం మొదట క్రాలింగ్ ఆపేస్తుంది. మీ బ్రౌజర్‌లో సైట్ చక్కగా తెరుచుకుంటోంది కాబట్టి మీకు అనుమానమే రాదు. సెట్టింగ్స్‌లో క్రాల్ స్టాట్స్ తెరిస్తే హోస్ట్ స్టేటస్ కింద రోబోట్స్ ఫైలు, డీఎన్ఎస్, సర్వర్ కనెక్షన్ మూడిటి పరిస్థితీ కనిపిస్తుంది. ఫైర్‌వాల్‌లో బాట్లను ఆపే సెట్టింగ్ గూగుల్ తరఫున పేజీలు చదివే గూగుల్‌బాట్‌ని కూడా ఆపేస్తున్నా ఆ సంగతి ఇక్కడే బయటపడుతుంది.

ఇంకో మాట, పాత చెత్త సెర్చ్‌లో కనపడకూడదని రోబోట్స్ ఫైలులో మొత్తం బ్లాక్ చేసేవాళ్లున్నారు. దీనివల్ల జరిగేది సరిగ్గా తిరగబడి ఉంటుంది. లోపలికి రానివ్వకపోతే పేజీ మారిందని గూగుల్‌కి తెలిసే దారే లేదు. బయటి సైట్లు పాత పేరుతో ఇచ్చిన లింకుల్లోని మాటలనే టైటిల్‌గా తీసుకుని, కింద వివరణ ఏమీ లేకుండా అలాగే చూపిస్తూ ఉంటుంది. సెర్చ్‌లో చూపించొద్దని చెప్పే నోఇండెక్స్ ట్యాగ్ పేజీలో పెట్టినా అంతే, లోపలికి వస్తేనే కదా దాన్ని చదివేది. మరిచిపోవాలంటే ముందు చూడనివ్వాలి.

పాత పేజీల అడ్రస్‌లని ఏం చేయాలి

లేని పేజీకి 404 ఇవ్వండి, లేదా 410 (పేజీ తీసేశామనే జవాబు). ఈ రెంటి మధ్య తేడా గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు. పేజెస్ రిపోర్టులో వేలకొద్దీ 404లు కనిపిస్తే టెన్షన్ పడొద్దు, అవి మీ మంచి పేజీలకు ఏ హానీ చేయవు. గూగుల్ ఆ పాత అడ్రస్‌లను చాలా కాలం గుర్తుపెట్టుకుని అప్పుడప్పుడు వచ్చి తలుపు తట్టి పోతుంది, అది మామూలే.

హాని చేసేది ఇంకోటుంది. మీ సైట్‌లో లేని అడ్రస్ కొడితే 404 బదులు 200, అంటే పేజీ ఉందనే జవాబు, వచ్చేయడం, హోమ్‌పేజీ తెరుచుకోవడం. ఇప్పుడే చెక్ చేయండి: మీ డొమైన్ తర్వాత స్లాష్ పెట్టి నోటికొచ్చిన అక్షరాలు కొట్టండి, బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి స్టేటస్ కోడ్ చూడండి. తెర మీద పేజీ దొరకలేదు అని ఎంత అందంగా రాసి ఉన్నా, కోడ్ 200 అయితే ఆ పేజీ ఉన్నట్టే లెక్క. జపనీస్ పేజీలు నెలల తరబడి పోవట్లేదని బాధపడేవాళ్ల సైట్లలో ముందు చూడాల్సింది ఇదే. డీఎన్ఎస్‌లో వైల్డ్‌కార్డ్ రికార్డు, అంటే నక్షత్రం గుర్తున్నది, ఉందేమో కూడా చూడండి. ఉంటే పాత స్పామర్ పుట్టించిన సబ్‌డొమైన్లన్నీ మీ కొత్త సర్వర్‌కే వచ్చి వాలతాయి. మీకు అక్కర్లేకపోతే తీసేయండి.

పాత లింకుల బలం పోతుందని మొత్తం అడ్రస్‌లన్నీ గంపగుత్తగా హోమ్‌పేజీకి 301 చేసే సలహా చాలాచోట్ల వింటారు. చేయకండి. సంబంధం లేని రీడైరెక్టులను గూగుల్ సాఫ్ట్ 404గానే, అంటే నిజానికి లేని పేజీగానే, తీసుకుంటుంది. పాత పేజీ విషయం మీద మీ దగ్గర నిజంగా ఒక పేజీ ఉంటే, ఆ ఒక్కదాన్నీ దానికి 301 చేయండి. లింక్స్ రిపోర్టులో ఎక్కువ లింకులు వస్తున్న ఓ ఇరవై పాత అడ్రస్‌లు తీసుకుని ఒక్కొక్కటీ చూసుకుంటే ఒక సాయంత్రంలో అయిపోయే పని.

పాత పేరు, పాత ఐకాన్ పోవట్లేదు

ఫలితం పైన చిన్నగా కనిపించే సైట్ పేరు, కింద నీలం రంగులో ఉండే టైటిల్ వేరు వేరు. సైట్ పేరుని గూగుల్ హోమ్‌పేజీ నుంచే తీసుకుంటుంది. అక్కడ వెబ్‌సైట్ రకం స్ట్రక్చర్డ్ డేటా (సెర్చ్ ఇంజిన్లు చదవడానికి పేజీ కోడ్‌లో రాసే వివరాలు) పెట్టి, నేమ్ అనే చోట మీ పేరు, యూఆర్‌ఎల్ అనే చోట హోమ్‌పేజీ అడ్రస్ ఇవ్వండి. టైటిల్ ట్యాగ్, పెద్ద హెడ్డింగ్, ఓపెన్ గ్రాఫ్‌లోని (సోషల్ మీడియాలో లింకు పంచినప్పుడు వాడే ట్యాగుల్లోని) సైట్ నేమ్, అన్నిట్లోనూ అదే పేరు ఒకేలా ఉండాలి. ఒకచోట ఒకలా ఇంకోచోట ఇంకోలా ఉంటే ఏది తీసుకోవాలో గూగుల్ తనే తేల్చుకుంటుంది, ఆ తేల్చుకోవడంలో పాత పేరు కూడా పోటీకొస్తుంది. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్న అడ్రస్‌లో ఒక పేరు, లేనిదాంట్లో ఇంకోటి లేకుండా, రెంటిలో ఒకదాన్ని రెండోదానికి రీడైరెక్ట్ చేసేయండి.

ఫేవికాన్ (ఫలితం పక్కన కనిపించే చిన్న ఐకాన్) చతురస్రంగా, 48 పిక్సెళ్ల కంటే పెద్దగా ఉండేలా చూసుకుని హోమ్‌పేజీ హెడ్‌లో లింక్ చేయండి. తర్వాత హోమ్‌పేజీకి రిక్వెస్ట్ ఇండెక్సింగ్ ఒక్కసారి నొక్కి వదిలేయండి. పేరు, ఐకాన్ మారడానికి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలు పడుతుంది, రోజూ నొక్కినంత మాత్రాన తొందరగా అవదు. పేజీ మారినా కింది వివరణలో పాత వాక్యాలే వస్తుంటే రిఫ్రెష్ అవుట్‌డేటెడ్ కంటెంట్ అనే టూల్ ఉంది, అందులో ఆ అడ్రస్ ఇవ్వండి.

ఎక్కువమంది చూడని రెండు మూలలు

ఆర్కైవ్‌లో అడల్ట్ (అశ్లీల) సైట్ కాపీలు కనిపించాయా? అయితే అలాంటి ఫలితాలను దాచే సేఫ్‌సెర్చ్ ఆన్ చేసి ఒకసారి, ఆఫ్ చేసి ఒకసారి మీ సైట్ వెతకండి. ఆఫ్‌లో వచ్చి ఆన్‌లో మాయమైతే డొమైన్ మీద ఆ ముద్ర ఇంకా ఉందన్నమాట. కొత్త కంటెంట్ క్రాల్ అయ్యాక కూడా ఇది సర్దుకోవడానికి నెలలు పట్టొచ్చు, అప్పటికీ కాకపోతే రివ్యూ అడగొచ్చు. రెండోది కాపీరైట్ ఫిర్యాదులు. పైరసీ నడిపిన డొమైన్ మీద తొలగింపు నోటీసులు గుట్టగా ఉంటాయి, అవి ఇలాంటి నోటీసులను భద్రపరిచే ల్యూమెన్ డేటాబేస్‌లో డొమైన్ పేరుతో వెతికితే దొరుకుతాయి. చెల్లుబాటయ్యే ఫిర్యాదులు ఎక్కువగా వచ్చిన సైట్లను గూగుల్ 2012 నుంచి ఫలితాల్లో కిందికి దించుతోంది కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

బింగ్ విషయం క్లుప్తంగా: బింగ్ వెబ్‌మాస్టర్ టూల్స్‌లో సెర్చ్ కన్సోల్ నుంచి సైట్‌ని నేరుగా ఇంపోర్ట్ చేసుకోవచ్చు, ఇండెక్స్‌నౌ ఆన్ చేస్తే మార్పులు వెంటనే తెలియజేయొచ్చు. గూగుల్‌లో లేదు, బింగ్‌లో ఉంది అంటే సర్వర్ తప్పు అయ్యే అవకాశం తక్కువ, గూగుల్ దగ్గరున్న రికార్డు వైపే చూడండి.

డిజవౌ టూల్ జోలికి ఎప్పుడు వెళ్లాలి

నా సైట్‌కి వస్తున్న ఫలానా లింకులను లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కి చెప్పే టూల్ ఇది. అన్‌నేచురల్ లింక్స్ మాన్యువల్ యాక్షన్ ఉంటే వెళ్లండి. ముందు తీయించగలిగిన లింకులు తీయించి, మిగిలినవాటిని డొమైన్ల వారీగా ఫైలులో రాసి ఇవ్వండి. మాన్యువల్ యాక్షన్ లేకపోతే దాదాపు ఎప్పుడూ అవసరం రాదు. వింత లింకులు ప్రతి పాత డొమైన్‌కీ ఉంటాయి, వాటిని గూగుల్ చాలావరకు తనే పక్కన పెట్టేస్తుంది. ఏదో టూల్ ఎర్ర రంగులో టాక్సిక్ స్కోర్ చూపించిందని మూడు వేల డొమైన్లు డిజవౌ చేస్తే, అందులో మీకు నిజంగా పనికొచ్చే లింకులూ పోతాయి.

అన్నీ శుభ్రంగానే ఉన్నాయి, అయినా ర్యాంక్ రావట్లేదు

పేజీలు ఇండెక్స్ అయ్యాయి, పెనాల్టీ లేదు, పేరు సరిగ్గా ఉంది, కానీ ఎక్కడో ఐదో పేజీలో ఉన్నారు. దీన్ని ట్రబుల్‌షూట్ చేయడానికి ఏమీ లేదు, మీది కొత్త సైట్, అంతే. డొమైన్ వయసు ఎంతైనా దానికంటూ విడిగా మార్కులు లేవని గూగుల్ వాళ్లే చెప్పారు. పాత సైట్‌కి వచ్చిన లింకులు ఆ సైట్ విషయాన్ని మెచ్చి ఇచ్చినవి, మీ విషయం వేరైతే వాటి మీద ఆశ పెట్టుకోకండి. పైగా 2024 మార్చిలో గూగుల్ తన స్పామ్ పాలసీల్లో గడువు తీరిన డొమైన్ల దుర్వినియోగాన్ని చేర్చింది. పాత పేరుకున్న పరపతి వాడుకుని, చదివేవాళ్లకు పనికిరాని పేజీలను పైకి తేవడమే ఉద్దేశమైతే అది స్పామ్. పాత డొమైన్ మీద నిజమైన కొత్త సైట్ నడపడం తప్పు కాదని కూడా అదే పాలసీ చెబుతుంది. పేజెస్ రిపోర్టులో "క్రాల్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్" (చదివింది గానీ ఇండెక్స్‌లో చేర్చలేదు) కింద మీ పేజీలు ఎక్కువగా ఉంటే టెక్నికల్ సెట్టింగులు వదిలేసి ఆ పేజీలు చదవండి, ఇంకెక్కడా దొరకనిది వాటిలో ఏముందో చూడండి.

ప్యూర్ స్పామ్ యాక్షన్ పడి, రిక్వెస్ట్ ఒకటికి రెండుసార్లు తిరస్కరించారు, మీ సైట్ ఇంకా జనంలోకి వెళ్లలేదు, కార్డుల మీదా ప్రచారంలోనూ ఆ పేరు ఇంకా ఎక్కలేదు అనుకోండి, అప్పుడు నేనైతే వేరే పేరు తీసుకోమనే చెబుతాను. కంటెంట్ మీదే కాబట్టి కొత్త డొమైన్‌కి పట్టుకెళ్లొచ్చు. పాత డొమైన్‌లోని కాపీని పూర్తిగా తీసేయండి, అక్కడి నుంచి కొత్తదానికి 301 మాత్రం పెట్టకండి, పెడితే ఏ లింకుల వల్ల ఇంత ఇబ్బంది పడ్డారో అవే కొత్త పేరుకీ అంటుకునే ప్రమాదం ఉంది.